హ్యాపీ కోడ్

ఫ్రీజర్ మూత ఎత్తగానే చల్లగాలి మొహానికి కొట్టాలి. ఆ వేళ కొట్టలేదు. చేపల వాసన వచ్చింది. మంచి చేపకి వాసన ఉండదని గోపాలపట్నం బజారులో తన దగ్గర కొనేవాళ్ళందరికీ తిట్టి తిట్టి నేర్పిన మనిషి పాపాయమ్మ. ఇప్పుడా వాసన తన ముక్కుకే తగిలింది.

మోచేతి దాకా చెయ్యి లోపలికి దించింది. పైవరస చందువాలు మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే గుంట పడి మెల్లిగా పైకి లేస్తోంది. కింద వంజరాలు ఇంకా రాయిలాగే ఉన్నాయి. పెట్టె వెనక్కి వెళ్ళి అరచెయ్యి ఆనించి చూసింది. వేడి లేదు, వణుకు లేదు. ముందున్న ఎర్రలైటు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

"సచ్చిందా?" అన్నాడు షట్టరు పైకి తోస్తున్న ఆమె మొగుడు నాగబాబు. అతను బోటు మీద కళాసీ. వేట నిషేధం మొదలై బోట్లన్నీ హార్బరులో కట్టేశారు కాబట్టి పెళ్ళాం వెనకాల తిరుగుతున్నాడు.

"సచ్చినట్టే ఉంది."

"అయితే ఉప్పేసీ. పైవి ఇప్పుడే ఏసీ. కిందివి కూడా సాయంత్రానికల్లా ఏసీ. నాను బస్తా తెస్తాను."

పాపాయమ్మ అతని వైపు చూసింది. బోట్లు కట్టేసే ముందు హార్బరులో తోపులాడి, ఏరి ఏరి కొని, పెట్టె నిండా పేర్చుకున్న సరుకు అది. సముద్రం మళ్ళీ తెరిచేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలంటే అదే దిక్కు. వంజరాన్ని వంజరంలాగ అమ్మడం వేరు, ఉప్పుచేపగా అమ్మడం వేరు. అలాగని ఉప్పుచేపైనా చేపే. కుళ్ళిన చేప ఏదీ కాదు.

"గేరంటీ ఉంది కదా బావ. ఫోన్ సేస్తే సాలు, మనిషి వచ్చీస్తాడని సెప్పేరు. ఆడు సేతులు జోడించి మరీ సెప్పేడు కొన్నప్పుడు."

"అమ్మినోడు సేతులు జోడించకపోతే కాళ్ళు జోడిస్తాడేటి?" అన్నాడు నాగబాబు. బయటి మెకానిక్కుని పిలుద్దామని కూడా అన్నాడు. బయటివాడు చెయ్యి పెడితే గ్యారంటీ పోతుందని పెట్టె మూత మీదే ఎర్రక్షరాలతో అంటించి ఉంది. ఇద్దరూ దానికేసి ఒకసారి చూసి ఊరుకున్నారు.

పాపాయమ్మ ఫోన్ చేసింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది అని ఒక ఆడగొంతు చెప్పి, అంత ముఖ్యమైన కాల్‌ని వీణ వాయిస్తూ పక్కన పెట్టింది. పాపాయమ్మ ఫోన్‌ని పక్కనున్న గోడ మీద స్పీకరు పెట్టి ఉంచి, చందువాలు ఐదారు బయటికి తీసి, కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీకింది. గీకడం అయింది. రెక్కలు కోసింది. పేగులు తీసి కడిగింది. వీణ ఆగలేదు. మధ్యమధ్య ఆ గొంతు వచ్చి, ఓపికగా ఉన్నందుకు కృతజ్ఞతలు చెబుతోంది. ఓపిక కాక ఇంకేం ఉందిక్కడ అనుకుంది పాపాయమ్మ.

చివరికి నిజం మనిషి పలికింది. "నమస్కారమండీ, నేను రాధని. ఈ రోజు మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"ఫ్రీజర్ ఆగిపోనాది తల్లీ. లోపల సేపలున్నాయి."

"అయ్యో, మీకు కలిగిన అసౌకర్యానికి చాలా చింతిస్తున్నామండీ."

ఆ 'అయ్యో' చాలా బాగుంది. సొంత చెల్లెలైనా అంత అందంగా అనలేదు. పాపాయమ్మకి ప్రాణం కుదుటపడింది. మనిషి ఇవాళే వస్తాడంది రాధ. ఇంకేదైనా సహాయం కావాలా అని అడిగింది. అసలు సహాయమే ఇంకా అందలేదన్న సంగతి పాపాయమ్మకి ఫోన్ పెట్టేశాక తట్టింది.

అంతలో జ్యోతిర్మయి వచ్చింది. రెండు వీధుల అవతల అపార్టుమెంటులో ఉంటుంది. ప్రైవేటు బ్యాంకులో కౌంటరు మీద కూర్చుని, వచ్చినవాడికల్లా నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టే ఉద్యోగం. ఆ నవ్వులన్నీ తనకి ఎవరో బాకీ ఉన్నట్టు బజారంతా వెతుక్కుంటూ ఉంటుంది. వంగి చందువా మొప్ప ఎత్తి చూసి, "ఫ్రెష్షేనా?" అంది.

"సముద్రం మూసీసేక ఫ్రెష్ ఎక్కడ్నించి వస్తాదమ్మా? ఐసుది. అది కూడా మెత్తబడింది. ఇప్పుడే ఎల్లి వండుకుంటావంటే తీస్కో. సాయంత్రానికంటే ముట్టుకోకు."

"కొంచెం మర్యాదగా చెప్పొచ్చుగా పాపాయమ్మా. ఎదురుగా చూడు వాళ్ళని, ఎంత బాగా రిసీవ్ చేసుకుంటారో."

ఎదురుగా కొత్తగా తెరిచిన ఏసీ చేపల షాపు ఉంది. అద్దాల తలుపు, నీలం ఏప్రన్లు, చేతులకి తొడుగులు. తలుపు తీసేవాడొకడు, వంగి నమస్కారం పెట్టేవాడొకడు. అద్దం మీద 'ఈ రోజు పట్టిన చేపలు' అని పెద్ద అక్షరాలు. సముద్రంలో ఒక్క పెద్ద బోటు తిరగని రోజుల్లో ఆ బోర్డు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. అది చదివి లోపలికి వెళ్ళడానికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. వెళ్ళేవాళ్ళు మాత్రం వెళుతూనే ఉన్నారు.

"నాను సేపలమ్ముతన్నాను. మర్యాదలు ఆళ్ళు అమ్ముతన్నారు. ఏది కావాలంటే అక్కడికెల్లు," అంది పాపాయమ్మ, చందువాని తిప్పి గాట్లు పెడుతూ.

జ్యోతిర్మయి మూతి ముడుచుకుంది, కానీ చందువాలు తీసుకుంది. ఇన్నేళ్ళుగా అలాగే మూతి ముడుచుకుంటూ, అలాగే తీసుకుంటూ ఉంది. "ఎల్లుండి మా మేనేజరు వాళ్ళు భోజనానికొస్తున్నారు. మంచి వంజరం ఒకటి ఉంచు," అని చెప్పి వెళ్ళింది.

ఆ రోజు మనిషి రాలేదు. నాగబాబు ఐసు కోసం తిరిగితే, బోట్లు లేనప్పుడు ఐసెవడు చేస్తాడని ఫ్యాక్టరీవాళ్ళు నవ్వారు. ఎలాగో రెండు దిమ్మలు సంపాదించి, కొట్టి, వంజరాల మీద పరిచాడు. పరుస్తూ ఉప్పు మాట ఇంకోసారి అన్నాడు. పాపాయమ్మ గోనెపట్టా తడిపి పైన కప్పింది.

మర్నాడు పొద్దున్న ఆమె బోణీ చేసి, వచ్చిన నోటుని కళ్ళకద్దుకుని కత్తిపీటకి తాకిస్తూ ఉండగా స్కూటరు వచ్చి ఆగింది. కంపెనీ చొక్కా, భుజాన సంచి, మెళ్ళో ఫొటో ఉన్న కార్డు. పేరు సాయిశంకర్.

"గుడ్ మార్నింగ్ మేడమ్. మీ సేవకు వచ్చాను," అన్నాడు. ఆ ముక్క వాడిది కాదని వినగానే తెలిసిపోతోంది.

పెట్టెని గోడ నుంచి జరిపాడు. వెనక రేకు విప్పి, టార్చి వేసి చూశాడు. నాలుగు ఫొటోలు తీశాడు. మూత ఎత్తి లోపల చేపలకీ ఒక ఫొటో తీశాడు. రేకు మళ్ళీ బిగించాడు. పాపాయమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వాడి చేతులకేసే చూస్తోంది. విప్పిన చేతులు బాగుచెయ్యకుండానే బిగించడం ఆమెకి అర్థం కాలేదు.

"రిలే పోయింది మేడమ్. చిన్న పార్టు. కంపెనీ నుంచి అప్రూవల్ రావాలి. మధ్యాహ్నం నేనే తెచ్చి వేస్తాను. మీ ఫోనుకి ఒక నెంబరు వచ్చుంటుంది. హ్యాపీ కోడ్ అని. అది చెప్పండి."

"అదేటి?"

"మీరు సంతోషంగా ఉన్నట్టు."

పాపాయమ్మ పెట్టె వైపు చూసింది, వాడి వైపు చూసింది. "నాను సంతోషంగా ఉన్నానని ఎవులు సెప్పేరు నీకు?"

సాయిశంకర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. గొంతుతోపాటు భాష కూడా దిగింది. "అది కాదు పిన్నీ. కోడ్ కొట్టకపోతే కాల్ మూసుకోదు. కాల్ మూసుకోకపోతే నాకు రేటింగ్ పడిపోద్ది. ఆళ్ళు పార్టు గురించి అడగరు, కోడ్ గురించే అడుగుతారు. మధ్యాహ్నం వత్తానంటన్నాను కదా."

"మద్దేనం బాగుసేసేక అడుగు. ఇస్తాను."

వాడు సంచి భుజాన వేసుకుని కూడా కదల్లేదు. కత్తిపీట పక్కన మడిచి పెట్టిన నోటుకేసి చూశాడు. "నీ బోణీ అయిపోనాదా పిన్నీ?"

"అయింది."

"నాది అవ్వలేదు. ఈ వేళ మొదటి కాల్ నీదే. మాయమ్మ కూడా కూరగాయలు అమ్ముతాది, పాతపట్నంలో. నాకు తెలుసు. బోణీ సెయ్యకండా పంపీకు."

పాపాయమ్మ కూడా ఆ నోటుకేసి చూసింది. వాడు తిట్టినా, బెదిరించినా ఆమెకి లెక్క లేదు. కంపెనీ మేనేజరొచ్చి నిలబడినా కోడ్ వచ్చి ఉండేది కాదు. కానీ బోణీ వేళ గుమ్మంలో నిలబడి అడిగినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం ఆమెకి చేతకాదు. తన తల్లి ఆ పని చేయలేదు, అత్త చేయలేదు. మొదటి బేరం పోగొట్టుకున్నవాళ్ళ ఉసురు రోజంతా వెంటాడుతుంది. చేపల బుట్ట పక్కన పెరిగిన మనిషికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. కూరగాయల బుట్ట పక్కన పెరిగినవాడికీ చెప్పనక్కర్లేదు. అందుకే వాడు అక్కడ పట్టుకున్నాడు.

ఆమె ఫోన్ తీసి నెంబరు చదివింది. సాయిశంకర్ దాన్ని ఎక్కించుకుని, తన ఫోన్‌ని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వాడు రాలేదు, మెసేజి వచ్చింది. శుద్ధమైన తెలుగులో వచ్చింది. 'మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది. మీరు సంతోషంగా ఉన్నందుకు మాకు సంతోషం.' నాగబాబు దాన్ని కూడబలుక్కుని పైకి చదివి, పెళ్ళాం మొహంలోకి చూసి, "సంతోషంగా ఉన్నావంట," అన్నాడు.

పాపాయమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. మళ్ళీ వీణ. ఈసారి పలికింది రాధ కాదు, ఇంకో అమ్మాయి. గొంతు అదే, 'అయ్యో' కూడా అదే. ఆ అయ్యోని అందరికీ ఒకే అచ్చులో పోస్తారని పాపాయమ్మకి అప్పుడు తెలిసింది.

"మా రికార్డు ప్రకారం మీ సమస్య పరిష్కారమైందండీ. మీరే కోడ్ ఇచ్చారు. కావాలంటే కొత్త ఫిర్యాదు నమోదు చేస్తాను."

"సూడు తల్లీ. నన్ను తిట్టు, పడతాను. నాకు ఒకే ఒక్క మాట సెప్పు. ఈ వేళ ఆడు వత్తాడా, రాడా? రాడంటే రాడని సెప్పీ. ఇప్పుడే ఉప్పేసుకుంటాను. ఇంకా పనికొస్తాయి. సీకటి పడితే ఉప్పుకి కూడా పనికిరావు."

అవతల కీబోర్డు టకటక ఆగింది. ఆ అమ్మాయి నోట్లో ఏదో మాట మెదిలినట్టే అనిపించింది.

"తప్పకుండా అండీ. మా ప్రతినిధి ఈ సాయంత్రంలోగా మిమ్మల్ని కలుస్తారు. ఇంకేదైనా సహాయం..."

లేదు అనే మాట వాళ్ళ నోటికి రాదు. పైవాళ్ళు రానివ్వరు. నోటి నిండా తేనె పోసి కూర్చోబెడతారు, ఆ ఒక్క చేదుమాట ఎవరి నోటా జారకుండా. నాగబాబు ఉప్పు బస్తా తెచ్చి గుమ్మంలో దించాడు. పాపాయమ్మ దాని మూతి విప్పింది. ఒక వంజరాన్ని పైకి తీసి, పొట్ట చీల్చడానికి కత్తి ఆనించింది కూడా. సాయంత్రంలోగా అన్నారు కదా. ఒకసారి చీల్చి ఉప్పు పట్టించాక అది మళ్ళీ వంజరం కాదు. కత్తి తీసేసి చేపని లోపల పడుకోబెట్టింది. రోడ్డు మీద ఆగిన ప్రతి స్కూటరుకీ తలెత్తి చూస్తూ దీపాలు పెట్టేదాకా కూర్చుంది.

తర్వాతి రోజు పొద్దున్న ఆమె మూత ఎత్తలేదు. నాగబాబు ఎత్తాడు. ఎత్తి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. అడుగున నీళ్ళు ఎర్రగా తేలాయి. వంజరాలు మెరుపు పోయి బూడిదరంగుకి దిగాయి. అతను తొట్టెల్లోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఇక కోళ్ళదాణా చేసేవాడు తప్ప వాటిని ఎవడూ తీసుకోడు. పాపాయమ్మ వాటిలో కాస్త బిగువుగా కనిపించినదాన్ని ఒకదాన్ని లాగి, కడిగి, పసుపు రాసి, మళ్ళీ కడిగి పళ్ళెంలో పెట్టింది.

"అదెందుకే?" అన్నాడు నాగబాబు.

"నీ పని నువ్వు సూసుకో," అంది.

జ్యోతిర్మయి సంచీ ఊపుకుంటూ వచ్చింది. "వంజరం ఉంచావా?"

"తప్పకుండా అమ్మా," అంది పాపాయమ్మ. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలీదు. ఫోన్‌లో అమ్మాయి అన్నట్టే, అంత మెత్తగానూ వచ్చింది. "నీకు లేకండా ఎవులికిస్తాను? నీ కోసమే దాచేను. రా, ఇలాగ నీడలో నిలబడు."

నవ్వింది కూడా. జ్యోతిర్మయి మొహం విప్పారింది. ప్రతిసారీ మొప్ప ఎత్తి, కన్ను నొక్కి, తోక వంచి, ప్రాణం తీసే మనిషి ఈసారి చేపకేసి వంగనైనా వంగలేదు. నీడలో నిలబడి పాపాయమ్మ మొహాన్నే చూస్తోంది. "ముక్కలు పెద్దవి కొట్టు," అంది, అంతే.

పాపాయమ్మ చేపని కత్తికి ఆనించింది. మంచి వంజరం కత్తికి ఎదురుతిరుగుతుంది. భుజం బలం పెట్టాలి, నడుమ వెన్నుముల్లు టక్కుమనాలి. ఇది అరటిపండు తెగినట్టు తెగింది. ముల్లు దగ్గర కండ దానంతటదే విడిపోయింది. ఆమె ఆ ముక్కల్ని చప్పున నీళ్ళలో ముంచి కవర్లో వేసింది. ఆ వాసన తనకి కొడుతోంది, అవతల మనిషికి కొట్టడం లేదు. చెవులకి తేనె పోస్తే ముక్కు పని చెయ్యదు కాబోలు.

"అబ్బ, ఈ రోజు ఎంత బాగా మాట్లాడావు పాపాయమ్మా," అంది జ్యోతిర్మయి నోటు అందిస్తూ. "ఇన్నాళ్ళూ ఇలాగే ఉంటే ఎంత బాగుండేది. నీ చేప మంచిదే, నీతోనే చిక్కు. ఈ కాలంలో సర్వీసంటే ఇదేగా. నీకు దుకాణం బోర్డు లేదు కానీ, ఉంటే ఐదు స్టార్లు పెట్టేదాన్ని."

పాపాయమ్మ నోటుని కళ్ళకద్దుకోబోయింది. చెయ్యి సగంలో ఆగింది. ఇన్నేళ్ళ మంచి చేపకి ఈ మనిషి మూతి ముడుచుకుంది. ఇవాళ కుళ్ళిన చేపకి ఐదు స్టార్లు. ఆ అసహ్యం ముందు జ్యోతిర్మయి మీద పుట్టింది. అక్కడ ఎక్కువసేపు నిలవలేదు, ఇటే తిరిగింది. చేతులు జోడించి పెట్టె అమ్మినవాడూ, ఫోన్‌లో 'అయ్యో' అన్నదీ, బోణీ అని కోడ్ పట్టుకుపోయినవాడూ, ఆ వరసలో చివర తనూ నిలబడి ఉంది.

"ఆగు," అంది. "ఆ కవరు ఇలాగియ్యి."

"ఎందుకు?"

పాపాయమ్మ కవరు లాక్కుని, తిరగేసి, ముక్కల్ని నాగబాబు తొట్టెలోకి ఒంపేసింది. నోటు తిరిగి జ్యోతిర్మయి చేతిలో పెట్టింది. బోణీ నోటు. "పాడైపోనాది ఆ సేప. నవ్వి నీకు అంటగట్టీసేను. ఈ వేళ నా దగ్గిర సేప లేదు. రేపు కూడా లేదు. ఎల్లు."

"తెలిసే ఇచ్చావా?" జ్యోతిర్మయి మొహం ఎర్రబడింది. "ఎంత మోసం. అందుకేనా ఆ నవ్వులు? నీలాంటివాళ్ళకి మర్యాద ఎలా ఒంటబడుతుందిలే."

ఆమె కోపంలో న్యాయం ఉంది. పాపాయమ్మ తల వంచుకుని అంతా విన్నది. జ్యోతిర్మయి గిర్రున తిరిగి రోడ్డు దాటింది. నీలం ఏప్రన్ వంగి నమస్కారం పెట్టి తలుపు తీశాడు. 'ఈ రోజు పట్టిన చేపలు' అన్న అక్షరాల వెనక ఆమె దేనికో వేలు చూపించడం, వాడు నవ్వుతూ తల ఊపడం అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. మొప్ప ఎత్తి చూడలేదు.

"బోణీ తిరిగిచ్చీసేవా?" అన్నాడు నాగబాబు, తొట్టె పట్టుకుని అలాగే నిలబడి.

"ఇచ్చీసేను."

అతను తొట్టెలు ఆటోలోకి ఎక్కించుకుని వెళ్ళాడు. పాపాయమ్మ పెట్టెలో నీళ్ళు ఎత్తిపోసి, సర్ఫుతో రుద్ది, గుడ్డతో తుడిచి, మూత తెరిచి ఆరబెట్టింది. చెయ్యడానికి అంతకంటే ఏం లేదు. సముద్రం తెరిచేదాకా ఎలా గడుస్తుందన్నది ఆమెకి ఎదురుగా కూర్చుని ఉంది. దానికేసి చూడకుండా ఉండడానికి తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

స్కూటరు ఆగింది. "గుడ్ మార్నింగ్ మేడమ్. మీ సేవకు..." అని మొదలుపెట్టిన సాయిశంకర్ ఖాళీ పెట్టెని చూసి మిగతాది మింగేశాడు. కాసేపు సంచి పట్టీ సర్దుకున్నాడు. మళ్ళీ ఫోన్ తీశాడు. "కొత్త కంప్లైంటు పడింది పిన్నీ. కోడ్ వచ్చుంటాది. అది సెప్పీస్తే పని మొదలెట్టీస్తాను. ఈ వేళ కూడా నువ్వే నాకు బోణీ."

"బోణీయా?" అంది పాపాయమ్మ. గొంతు పెంచలేదు. "నా బోణీయే నాను ఇప్పుడు తిరగ్గొట్టీసేను బాబూ. ఇంక నీ బోణీకి నాను బయపడతానేటి? ముందు బాగుసెయ్యి."

సాయిశంకర్ ఆమె మొహం చూశాడు. ఈసారి పట్టుకోవడానికి అక్కడేమీ దొరకలేదు. వంగి, రేకు విప్పాడు. పాతది ఊడబెరికాడు. సంచి అడుగు నుంచి చిన్న ప్లాస్టిక్ ముక్క తీసి నొక్కి కూర్చోబెట్టాడు. ప్లగ్గు పెట్టాడు. పెట్టె ఒక్కసారి వణికి, గుర్రుమంటూ పని మొదలెట్టింది. కాఫీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

"ఆ సామాను ఎప్పుడొచ్చింది?" అంది పాపాయమ్మ.

వాడు వంగి రేకు మరలు బిగించడంలో పడ్డాడు.

"నిన్న కూడా నీ సంచీలోనే ఉందేటి?"

"ఉన్నాది," అన్నాడు వాడు మరలకేసి చూస్తూ. "మొయ్యలేనన్ని కాల్స్ ఇచ్చేరు పిన్నీ. అప్రూవల్ లేకండా ఏస్తే నా జీతంలో కోత. కాల్స్ ముయ్యడమే కుదిరింది. బాగుసెయ్యడం కుదర్లేదు."

పాపాయమ్మ వాణ్ణి తిట్టలేదు. తిట్టు కూడా ఒకలాంటి మర్యాదే, వాడికెందుకు ఇవ్వడం అనుకున్నట్టు లోపలికి వెళ్ళింది. గిన్నె నిండా నీళ్ళు తెచ్చి, ఖాళీ ఫ్రీజర్ నడిమధ్యలో పెట్టి మూత వేసింది.

"ఇది గడ్డకట్టనీ. కోడ్ సెప్తాను."

"సాయంత్రం అయిపోద్ది పిన్నీ."

"కూకో."

ముక్కాలిపీట వాడి వైపు తోసింది. వాడు కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. చివరికి కూర్చున్నాడు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని, కొయ్యడానికి ఏమీ లేకపోయినా, ఇసుక వేసి కత్తిని రుద్దడం మొదలుపెట్టింది. కొంతసేపటికి వాడి ఫోన్ మోగింది. వాడి పైవాడు కాబోలు, గొంతు బయటికే వినిపిస్తోంది. ఇంకా ఆ కాల్ మూయలేదేమని, కస్టమరు హ్యాపీయేనా అని అడుగుతున్నాడు. సాయిశంకర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పాపాయమ్మకేసి చూశాడు. ఆమె తలెత్తలేదు.

"లేదు సార్," అన్నాడు వాడు. "హ్యాపీగా లేదు."

పాపాయమ్మ చేతిలో కత్తి రాపిడి ఆగింది.

"ఈ ముక్క నిన్న నాతో అనుంటే," అంది, "ఉప్పేసుకుందును కదా బాబూ."